కమాను కింద నిలబడ్డవాడు

మా గుంపులో అందరికన్నా పెద్ద మైలవరం బాబాయిగారు. ఎనభైకి దగ్గర పడ్డా బస్సు దిగడంలో ఆయనే ముందు. ఊళ్లో మామిడి తోటలు, బెజవాడలో సొంత మేడ, అమెరికాలో ఇద్దరు కూతుళ్లు. కూతుళ్లే పట్టుబట్టి ఆయన్ను ఈ యాత్రకు పంపారు. విజయవాడ నుంచి బయల్దేరినవాళ్లం కొందరం, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ వచ్చి కలిసినవాళ్లు కొందరు, అంతా తెలుగువాళ్లమే. దక్షిణ అమెరికా నగరాల్లో కట్టడాలు చూస్తూ వెళ్లి, ద్రాక్ష కోతల వేళకి అర్జెంటీనాలో మెండోసా చేరడం మా ప్రయాణం. నడిపించే మనిషి డాలస్‌లో స్థిరపడ్డ తెలుగు ఆర్కిటెక్టు. యాభై దాటి ఉంటాయి. మాటలు తక్కువ. ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా ముందు గోడ మీద అరచెయ్యి ఆన్చి కాసేపు నిలబడేవాడు. తల ఎత్తి చూడడం ఆ తర్వాతే.

మొదట బ్రెజిల్‌లో బ్రసీలియా వెళ్లాం. లూసియో కోస్తా ప్లాను 1957లో ఎంపికైంది. ఆస్కార్ నీమేయర్ భవనాలు లేచాయి. 1960 ఏప్రిల్ 21న ఆ ఎర్రమట్టి పీఠభూమి దేశానికి రాజధాని అయిపోయింది. 2015 అక్టోబర్ 22న అమరావతి శంకుస్థాపనకి వెళ్లొచ్చినవాళ్లు మాలో ఉన్నారు. వాళ్లు ఆ తేదీలు విని చాలాసేపు మాట్లాడలేదు.

నన్ను ఆపేసింది మాత్రం భవనాలు కాదు. అధ్యక్షుడి కార్యాలయం ముందున్న చౌకులో ఇద్దరు సన్నటి కంచు మనుషుల విగ్రహం ఉంది. బ్రూనో జోర్జీ చేశాడు. ఈశాన్య బ్రెజిల్ కరువు సీమల నుంచి లారీలెక్కి వచ్చి ఆ నగరాన్ని కట్టిన కూలీలను కందాంగోలు అంటారు. జనం ఆ విగ్రహాన్ని వాళ్ల పేరుతోనే పిలుచుకుంటారు. సుప్రీంకోర్టు, పార్లమెంటు, అధ్యక్షుడి కార్యాలయం మూడూ ఉన్న చోట, ఆ మూడింటి నడుమ, కూలివాళ్ల పేరు! మన ఊళ్లలో శిలాఫలకం మీద మంత్రిగారి నుంచి కాంట్రాక్టరు దాకా పేర్లుంటాయి. రాయి మోసినవాడి పేరు నేను ఎక్కడా చదవలేదు.

అక్కడే బాబాయిగారు తన ఇంటి సంగతి మొదటిసారి ఎత్తారు.

"కూలివాడు కడతాడు, నిజమే. కట్టించేవాడికి కూడా గుండె ఉండాలయ్యా. మైలవరంలో మా ఇంటి వసారా చూస్తే తెలుస్తుంది. పద్దెనిమిది అడుగుల వెడల్పు. మధ్యలో స్తంభం లేదు, పైన స్లాబు లేదు. ఒట్టి ఇటుక కమాను. 1981లో కట్టించాను."

ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ మీద దొరికేది. 1982లో గానీ ఆ కట్టు కొంత సడలలేదు. బస్తా సిమెంటు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కాలంలో, కృష్ణ ఒండ్రుమట్టితో కాల్చిన బట్టీ ఇటుకతోనే కప్పు వేయించడమంటే తెలివైన పనే. మేమందరం మెచ్చుకున్నాం. ఆర్కిటెక్టు బస్సు వైపు చూస్తూ, "ఎండ పెరుగుతోంది, కదులుదామండీ" అన్నాడు.

ఉరుగ్వేలో మాంటెవిడియో నుంచి నలభై కిలోమీటర్లు దాటాక ఎస్టాసియోన్ అత్లాంతిదా అని చిన్న ఊరు. కూలీనాలీ చేసుకునేవాళ్ల ఊరు. అక్కడి చర్చిని ఎలాదియో దియెస్తె అనే సివిల్ ఇంజనీరు 1958లో మొదలుపెట్టి 1960 నాటికి పూర్తిచేశాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీరెప్పుడైనా ఆ వైపు వెళ్తే మిగతావన్నీ వదిలేసినా ఇది వదలకండి.

ఆ గోడలు నేల దగ్గర గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ లోపలికీ బయటికీ ఒరుగుతూ, ఏడు మీటర్ల ఎత్తుకి చేరేసరికి అలలైపోతాయి. అలా వంకర్లు పోతున్నట్టు కనిపించినా, కింది నుంచి పైకి ఏ చోట దారం పట్టి లాగినా దారం గోడని అంటుకునే ఉంటుంది. తాపీ మేస్త్రీలు కట్టిందీ అలాగే, కింద తిన్నటి గీత నుంచి పైన అల గీత దాకా దారాలు బిగించి, ఆ దారాల వెంట ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోయారు. పైకప్పూ ఇటుకే, అదీ అలలే. లోపల ఒక్క స్తంభం లేదు. గోడల్లో అక్కడక్కడా చిన్న కంతలు, వాటికి రంగు గాజులు. ఉక్కు విరివిగా కొనలేని చోట, పాలరాయి ఊహకే అందని చోట, ఇంటి పక్క బట్టీలో దొరికే ఇటుకకి ఇంత గౌరవం ఇచ్చిన మనిషిని నేను ఇంకొకణ్ణి ఎరగను. పేదవాడికి కట్టేటప్పుడు ఇంకా ఎక్కువ ఆలోచించాలని ఆ గోడ చూశాక నాకు గట్టిగా అనిపించింది. ప్రభుత్వ కాలనీల్లో మనం కట్టే అగ్గిపెట్టె ఇళ్లు గుర్తొచ్చి మనసు పాడైంది కూడా.

ఆర్కిటెక్టు ఆ యాత్ర మొత్తంలో ఎక్కువ మాట్లాడింది అక్కడే. సంచీలోంచి తాడు తీసి రెండు చివరలూ రెండు చేతులతో వదులుగా పట్టుకున్నాడు.

"చూడండి, తాడు తన బరువుకి తానే వంపు తిరుగుతుంది. ఈ వంపుని తిరగేస్తే కమాను. తాడులో ఉన్నదంతా లాగుడు. తిరగేస్తే అంతా నొక్కుడు. ఇటుకని లాగితే విడిపోతుంది. నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది. దియెస్తె వాడిన కమానుల్లో చాలావాటికి మూలం ఈ వంపే."

"మా వసారా ఇదే లెక్క!" అన్నారు బాబాయిగారు, అందరి మధ్యకీ వచ్చి. "గోడకి రెండు మేకులు కొట్టి, తాడు వేలాడదీసి, ఆ వంపు బొగ్గుతో గీయించాను. కాగితం లేదు, లెక్కల్లేవు. నేనే గీశాననుకో. మేస్త్రికి ఏం తెలుసు?"

"ఏ తాడండీ అది?" అని అడిగాడు ఆర్కిటెక్టు.

"ఏదో తాడు. నలభై ఏళ్ల కిందటి తాడు నాకెలా గుర్తుంటుందయ్యా?"

అందరూ నవ్వారు. అతను తాడు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఓడెక్కి బ్యూనస్ ఎయిర్స్. మారియో పలాంతి 1923లో దాంతే కావ్యాన్ని మనసులో పెట్టుకుని కట్టిన బరోలో భవనం చూశాం. లా ప్లాతా వెళ్లి, లె కార్బూజియే స్థలానికి రాకుండానే గీసి పంపిన కురుచెత్ ఇల్లు చూశాం. రెండూ గొప్పవే. అత్లాంతిదా చూసి వచ్చిన కళ్లకి అవి పూర్తిగా ఆనలేదు.

మెండోసా ఎడారి అంచున ఉంది. ఆండీస్ మంచు కరిగితేనే దానికి నీళ్లు. స్పానిష్‌వాళ్లు రాకముందే అక్కడి హువార్పే జనం కాలవలు తవ్వుకున్నారు. ఇప్పటికీ ఊరి వీధుల్లో రోడ్డుకీ కాలిబాటకీ మధ్య కాలవ, దాని వెంట చెట్లు. 1861 మార్చిలో భూకంపం ఊరిని నేలమట్టం చేసింది, వేలమంది పోయారు. మళ్లీ కట్టుకునేటప్పుడు వీధులు వెడల్పు చేసుకున్నారు, జనం పరుగెత్తి చేరడానికి నడుమ ఒక పెద్ద చౌకు, చుట్టూ నాలుగు చిన్న చౌకులు వదులుకున్నారు. అది విని మాకు బుడమేరు గుర్తొచ్చింది. ఆ వాగు పుట్టేది మా మైలవరం వైపు కొండల్లోనే. 2024 సెప్టెంబరులో అది విజయవాడను ముంచినప్పుడు మేడల మీద నిలబడి పడవల కోసం చూసినవాళ్లు మా గుంపులోనే ఉన్నారు. పోయిన ఊరిని తలుచుకుని కొత్త ఊరిని జాగ్రత్తగా గీసుకున్న ఆ జనాన్ని చూస్తే నాకు ఈర్ష్య కలిగింది.

చివరి సాయంత్రం ద్రాక్షతోటల మధ్య ఒక పాత వైనరీకి వెళ్లాం. నేల కింద పొడుగాటి గది, దానికి ఇటుక కమాను కప్పు, కింద పీపాలు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి తెచ్చి నాటిన మాల్బెక్ ద్రాక్ష ఇప్పుడు ఆ నేలదే అయిపోయింది. కొందరు వైన్ తీసుకున్నారు, కొందరం ద్రాక్షరసం. ఆర్కిటెక్టు గోడకి అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు. బాబాయిగారు కప్పు వైపు చూసి గ్లాసు బల్ల మీద పెట్టారు.

"అసలు సంగతి మీకు చెప్పలేదు," అన్నారు. "కమాను పూర్తయింది. కింద తాటి దూలాలూ, సరుగుడు బాదులూ, చెక్కలూ. అవి తీసెయ్యాలి. తీస్తే నిలుస్తుందా, కూలుతుందా? ఊరంతా వచ్చి నిలబడ్డారు. మేస్త్రి వణికిపోతున్నాడు. 'కింద ఎవరూ ఉండకండి దొరా' అంటాడు. నేను కండువా తీసి అరుగు మీద పెట్టాను. వెళ్లి సరిగ్గా నడుమ నిలబడ్డాను. 'నా ఇల్లు కూలితే నా మీదే కూలాలి, తియ్యరా చెక్కలు' అన్నాను. ఒక్కో చెక్కా తీశారు. ఇసుక రేణువు రాల్లేదు!"

గది మారుమోగేలా చప్పట్లు కొట్టాం. నాకు ఒళ్లు పులకరించింది. తను నమ్మినదాని కింద తల పెట్టి నిలబడడం కన్నా కట్టేవాడికి పెద్ద పరీక్ష లేదు. ఎన్ని భవనాలు చూసినా ఈ యాత్రలో నాకు మిగిలేది ఈ కథేననుకున్నాను. డాలస్ అమ్మాయి ఒకతె వచ్చి ఆయన కాళ్లకి దండం పెట్టింది.

"ముందు ఏ చెక్క తీశారండీ?" ఆర్కిటెక్టు గొంతు.

"ఏదో ఒకటి. అది మేస్త్రి పని."

"నడుమది ముందు వదులు చెయ్యాలండీ. ఆ తర్వాత రెండు పక్కలకీ సమంగా పోవాలి. అప్పుడు బరువు మెల్లిగా గోడల మీదికి దిగుతుంది. ఒక పక్క నుంచి తీసుకుంటూ పోతే కూలేది."

బాబాయిగారికి ఆ మాట నచ్చింది. దగ్గరికి వెళ్లి అతని భుజం తట్టారు. "ఎంత బాగా చెప్పావయ్యా! చదువంటే అది. ఈసారి ఇండియా వచ్చినప్పుడు మైలవరం రా. వసారా చూపిస్తాను. ఇప్పటికీ చెక్కు చెదరలేదు."

"చూశానండీ."

"చూశావా? ఎప్పుడు?"

"కట్టేటప్పుడు. మాది మైలవరమేనండీ."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం! ఎవరబ్బాయివి?"

"మీ వసారా కట్టిన మేస్త్రి కొడుకునండీ."

బాబాయిగారి ముఖం వెలిగిపోయింది. నిజంగా సంతోషించారు. అతన్ని దగ్గరికి లాక్కుని మా వైపు తిప్పారు. "ఓరి, వాడి కొడుకువా! ఇంత ఎదిగావా! అయితే ఆ రోజు నువ్వు అక్కడే ఉండుంటావు. చెప్పు, వీళ్లందరికీ చెప్పు, కమాను కింద నిలబడ్డానా లేదా?"

అతను గోడ మీద నుంచి చెయ్యి తీశాడు.

"వంపు గీసిన తాడు మా చెల్లి ఉయ్యాల తాడండీ. కింద నిలబడింది నేను. అప్పుడు నాకు ఏడేళ్లు. 'నీకంత నమ్మకముంటే నీ కొడుకుని నిలబెట్టి తియ్యరా చెక్కలు' అన్నారు మీరు మా నాన్నతో. మీరు గేటు అవతల, రోడ్డు మీద ఉన్నారు."