వన్సుమోరు మామయ్య

మా మేనమామగారికి దైవభక్తి లేదనుటకు వీలులేదు గాని, ఆ భక్తి యంతయు శ్రీకృష్ణుని చేరకమునుపే, ఆ వేషము ధరించు కల్యాణం రఘురామయ్యగారి కడ నిలిచిపోయినది. తెనాలిలో గాని, గుంటూరిలో గాని, తిరునాళ్లు జరుగు ఏ పల్లెలో గాని గోడపత్రికపై ఆ పేరు కనబడెనా, ఇంట పెండ్లియున్నను, పొలమున కుప్పనూర్పు లున్నను, ఆయన తమలపాకుల పెట్టె చంకనిడుకొని, నన్ను వెంటబెట్టుకొని, ప్రొద్దుగ్రుంకకమునుపే పందిరి చేరి, హార్మోనియమునకు చేరువనున్న బెంచీ నాక్రమించెడివారు. నేనెందులకందురా? తాళము వేయుట కొక తొడ కావలెను. తన తొడ నొచ్చును.

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములన్నియు ఆయనకు కంఠస్థములు. కథ మాత్రము తెలియదు. కాంట్రాక్టు నాటకములలో పడకసీనుకు ఒక కృష్ణుడును, రాయబారమునకు వేరొక కృష్ణుడును వచ్చుట మీరెరిగినదే కదా. తన కృష్ణుడు పడకసీనుతో నిష్క్రమించెనా, మామయ్య కండువా ముఖముపై గప్పుకొని తెల్లవారువరకు గుర్రుపెట్టెడివారు. తన కృష్ణుడు రాయబారమునకు వచ్చువాడైనచో ఆ గుర్రు ముందే కానిచ్చెడివారు. "ఇంతకీ సంధి కుదిరిందా లేదా?" అని అత్తయ్య యడిగిన, "ఆ రాగం విన్నాక సంధి సంగతి ఎవడిక్కావాలే?" అని కసరెడివారు.

ఇక వన్సుమోరు. మొదటిసారి పద్యమును ఆయన వినెడివారు కారు. కృష్ణునికంటె ఒక పాదము ముందుగా తానే పాడుకొని, వెనుక బెంచీవానికి రాగము పేరు చెప్పి, అది ఆ రాగము కాదన్నవానితో కలహించి, కలహము తెగుసరికి పద్యము ముగియగా, అయ్యో వినలేకపోతినే యను పరితాపముతో లేచి నిలుచుండి "వన్సుమోర్" అని యరచెడివారు. అప్పటికే కృష్ణుని బంధింపుడని దుర్యోధనుడు ఆజ్ఞాపించియుండును. త్రాడు చేతబట్టుకొని వచ్చినవాడు, బంధింపనూ లేక, వెనుకకు పోనూ లేక, ఆవులించుచు నిలుచుండెడివాడు. కృష్ణుడు మరల పల్లవించెడివాడు. మామయ్య ఈమారు సున్నపుకాయకై వెదకుకొనెడివారు.

పీసపాటి నరసింహమూర్తిగారు రాగమును మితముగా వాడుచు, మాట విరుపుతో అర్థము తేటపడునట్లు పద్యము చదివెదరని నేనొకప్పుడు ప్రశంసింపగా, ఆయన నావంక జాలిగా జూచి, "అర్థం కావాలంటే పుస్తకం కొనుక్కోరా, అబ్బాయీ, దానికోసం రాత్రంతా మేలుకోవడం దేనికి?" అనిరి. పీసపాటివారి అభిమానులు ఆయన దృష్టిలో వ్యాకరణము చదువుకొన్నవారు, అనగా చెవులు లేనివారు.

అయినను ఒక్క విషయమున ఆయనకు నమస్కరింపవలసినదే. రఘురామయ్యగారు వ్రేలు నోటనుంచుకొని ఈలతో రాగమెత్తుకొన్నంతనే నా తొడపై దరువు ఆగిపోయెడిది. వెనుక బెంచీవాడు ఏ రాగమన్నను మారుపలుకు లేదు. కన్నులనుండి నీరు కారుచున్నను తుడుచుకొనెడివారు కారు. ఆ విద్యను ఇంట సాధింపబోగా, పొరుగింటి కుక్క వచ్చి గుమ్మమున నిలిచినదే కాని స్వరము పలుకలేదు. అప్పటినుండి, ఈల మానవమాత్రులకు లభించునది కాదని ఆయన సిద్ధాంతము.

1956లో స్థానం నరసింహారావుగారికి పద్మశ్రీ ప్రకటింపబడినప్పుడు ఆంధ్రదేశమంతయు ఆనందించినది; మా యింట ఆ పూట వంటకము చల్లారిపోయినది. "సత్యభామకు బిరుదిచ్చి కృష్ణుణ్ణి మరిచిపోతారా? ఢిల్లీలో నాటకం తెలిసినవాడే లేడా?" అని మామయ్య వాకిటిలో పచారులు చేయుచుండగా, అత్తయ్య లోపలినుండి, "తులసిదళానికే తూగినవాడికి బిరుదెందుకండీ? వచ్చి అన్నం తినండి" అన్నది. ఆయన ఆ మాటకు ఆమెతో చాలకాలము సరిగా మాటలాడలేదు. మామయ్య తీర్పులలో నేను నిస్సంకోచముగా సమ్మతించునది ఇదొక్కటే. ప్రభుత్వమువారు సమ్మతించుటకు 19 ఏండ్లు పట్టినది. రఘురామయ్యగారికి పద్మశ్రీ 1975లో వచ్చినది. వారు పరమపదించినదియు ఆ యేటనే.