సేవకు శాలువా, ఫీజుకు బకాయి

చోడవరంలో సర్కారువారి కార్యక్రమం ఏదైనా సరే, వేదిక కింద యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు ఒక వరస ఉండి తీరాలి. మెడలో గైడ్స్ స్కార్ఫో, గుండె మీద ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జో, నెత్తిన ఎన్‌సీసీ టోపీయో ఏదో ఒకటి. పదింటి సభకు ఏడింటికే వచ్చి కుర్చీలు సర్దేది వాళ్లు. పన్నెండున్నరకు కారు దిగిన ముఖ్య అతిథికి బొకే అందించేది వాళ్లు. ఆయనగారు మహిళా సాధికారత మీద ముప్పావుగంట దంచుతుంటే, ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడేదీ వాళ్లలోనే ఒక పిల్ల. పడ్డ పిల్లకు ప్రథమ చికిత్స చేసేది పక్కనున్న గైడే, ఆమెకు ఆ శిక్షణ ఉంది. అతిథిగారికి మాత్రం ప్రసంగం ఆపే శిక్షణ లేదు.

సభలొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. వినాయక చవితికి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు క్యూలైను కాయాలి. పోలియో ఆదివారం పిల్లల్ని పోగెయ్యాలి. జనవరి 25న ఓటర్ల దినోత్సవ ర్యాలీలో గొంతు చించుకోవాలి, జూన్ 21న యోగా చాపలు పరవాలి. మధ్యలో ఖాళీ దొరికితే రోడ్డు మీద ప్లకార్డు పట్టుకుని, హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కి పోతున్న పెద్దమనుషులకు దండం పెట్టాలి. ఊరికి ఈ ఆడపిల్లలు గుర్తొచ్చే రోజులు క్యాలెండర్ నిండా ఉన్నాయి. వాళ్లు సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన రోజు మాత్రం ఏ దినోత్సవమూ కాదు.

"ఇంత చాకిరీ చేసిన పిల్లకు చదువు ఖర్చులో కాస్త ఆసరా ఇవ్వకూడదా?" అని అడిగి చూడండి. "సేవకు వెల కడతావా!" అని పెద్దలు చెవులు మూసుకుంటారు. గమనించారో లేదో, ఆ మాట అనేవాళ్లంతా నెలనెలా జీతం పుచ్చుకుని సేవ చేస్తున్నవాళ్లే.

స్కాలర్‌షిప్పులు లేవా అంటే, ఎందుకు లేవూ! కేంద్రం ఏటా 82 వేల మందికి ఇస్తుంది, అందులో సగం అమ్మాయిలకే. ఇంటర్లో పై 20 శాతంలో ఉండాలి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు, డిగ్రీలో ఏడాదికి 12,000 వస్తాయి. టెక్నికల్ కోర్సుల్లో చేరే అమ్మాయిలకు ఏఐసీటీఈ వారి 'ప్రగతి' కింద ఏడాదికి 50,000. మంచివే, వద్దనేవాడు లేడు. రాష్ట్రం వారి ఫీజు రీయింబర్స్‌మెంట్ సరేసరి, 2008 నుంచి ఎన్ని పేర్లు మార్చుకుందో, ఒకసారి కాలేజీ ఖాతాలో, ఒకసారి తల్లి ఖాతాలో, మళ్లీ కాలేజీ ఖాతాలో ఎలా తిరిగిందో రాస్తే అదే ఒక వంశచరిత్ర. ఈ దరఖాస్తులన్నీ ఒక్కసారి ముందేసుకుని చూడండి. కులం, ఆదాయం, మార్కులు, హాజరు, ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా, అన్నింటికీ గళ్లున్నాయి. "ఊరికి నువ్వేం చేశావమ్మా?" అన్న గడి ఎక్కడా లేదు.

పైగా మనది 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి జరిగిన ఊరు. ఊరు అంగుళం కదల్లేదు గానీ, పిల్ల పాత క్యాంపు సర్టిఫికెట్ల మీద విశాఖపట్నం జిల్లా, కొత్తవాటి మీద అనకాపల్లి జిల్లా. ఈ రెండు జిల్లాల అమ్మాయీ ఒకత్తేనని నిరూపించుకోవడం కూడా సమాజ సేవ కిందే లెక్కేస్తే బాగుండును.

ఉన్నదాన్ని లేదనకూడదు, స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు ఒక కోటా ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అర శాతం. అంటే 200 సీట్లకు ఒకటి. అది దక్కాలంటే బుల్‌బుల్‌గానో గైడ్‌గానో మొదలెట్టి ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్ అని ఒక్కొక్కటీ ఎక్కాలి. తాళ్లకు ముడులు నేర్చుకోవాలి, డేరాలు వెయ్యాలి, సెలవులన్నీ క్యాంపులకు ధారపొయ్యాలి. మెట్లన్నీ ఎక్కి చూస్తే పైన గది లేదు, అర గడప ఉంది. అదీ సీటుకే గానీ ఫీజుకు కాదు. బీఏ, బీకాం చదువుకునే పిల్లకు ఆ ఈఏపీసెట్‌తో పనే లేదు. రైల్వే వారు నయం, స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా పెట్టి ఉద్యోగాలే ఇస్తున్నారు. కాకపోతే చోడవరానికి రైలు లేదు, రైలు ఎలా ఉంటుందో చూడాలన్నా అనకాపల్లి బస్సెక్కాలి. ఎన్‌ఎస్‌ఎస్ జాతీయ అవార్డు వస్తే లక్ష రూపాయలు, వెండి పతకం. దేశం మొత్తం మీద దాదాపు 40 లక్షల మంది వాలంటీర్లలో ఏడాదికి 30 మందికి వస్తుంది. లాటరీ టికెట్ నయమనిపిస్తుంది, దానికి చీపురు పట్టక్కర్లేదు.

ఇంతకీ అసలు చిత్రం డిగ్రీలో ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఇల్లిల్లూ తిరిగి సర్వే చెయ్యాలి, అవగాహన సదస్సు పెట్టాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించాలి. బైండింగ్ ఖర్చు పిల్లదే. ఇప్పుడు చోడవరం మండలంలో ఏదో ఒక చెరువు గట్టు ఊహించుకోండి. తల్లి ఉపాధి పనిలో తట్టతో మట్టి మోస్తోంది. కూతురు అట్ట మీద కాగితాలు పెట్టుకుని సర్వేకొచ్చింది. వరసలో మూడో మనిషి ఎవరో కాదు, సొంత తల్లే.

"రోజుకు కూలి ఎంత పడతందమ్మా?"

"మూడొందల ఏడు అన్నారు. మరి నీకేటిస్తారే, ఇలాగెండలో తిరుగుతున్నందుకు?"

"నాలుగు క్రెడిట్లు."

"అయ్యేటి? కోటా బియ్యంతో కలిపిచ్చేస్తారేటి?"

తల్లి అడిగిన ప్రశ్న ఫార్మాట్‌లో లేదు కాబట్టి రిపోర్టులోకి ఎక్కలేదు. మనం ఎక్కిద్దాం. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. 180 గంటలంటే, రోజుకు ఎనిమిదేసి చొప్పున ఇరవై రెండున్నర పనిదినాలు. ఆ లెక్కన 6,900 పైమాటే. ఎన్‌ఎస్‌ఎస్ రెండేళ్ల 240 గంటలూ కలిస్తే ఇంకో 9,210. ఈ సొమ్ము ఎవరూ ఎగ్గొట్టలేదు, ఇస్తామని ఎవరూ అనలేదు గనక. ఇస్తామన్న ఫీజు రీయింబర్స్‌మెంటే విడతల కొద్దీ బకాయి పడుతున్న చోట, గోవాడ ఫ్యాక్టరీకి తోలిన చెరకు డబ్బుల కోసం తండ్రులు ధర్నాకు కూర్చున్న చోట, ఇస్తామననిదాన్ని అడగడం పొగరు కిందికొస్తుంది.

అమెరికాలో మన మేనకోడళ్లు కూడా సేవే చేస్తారు. అక్కడి గర్ల్ స్కౌట్స్‌లో పెద్దది గోల్డ్ అవార్డు, దానికి కనీసం 80 గంటల పని చెయ్యమంటారు. పార్కులో బల్లలు వేయించారనో, లైబ్రరీకి పుస్తకాలు పోగుచేశారనో అక్కడి మన తెలుగు సంఘాల సావనీర్లలో ఫొటోలొస్తాయి. ఆ అవార్డు అందుకున్నవాళ్లలో ఒక్కో ప్రాంతీయ కౌన్సిల్‌కు ఒకరికి 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తుంది ఆ సంస్థ. అందరికీ రాదు, నిజమే. కానీ అక్కడ 80 గంటలు చేసిన పిల్ల కాలేజీ దరఖాస్తులో ఆ మాట రాసుకుంటే చదివేవాడు ఒకడున్నాడు. ఇక్కడ 180 గంటలు చేసిన పిల్ల రిపోర్టు వైవా అయిన మర్నాడే అటకెక్కుతుంది. ఆ ఫొటో చూసి "ఎంత సేవాభావమో!" అని వాట్సాప్‌లో మురిసిపోయే మావయ్యే, ఇక్కడి మేనకోడలు స్కార్ఫ్ కట్టుకుంటే "ఈ వేషాలెందుకు, చదువుకో" అంటాడు.

మావయ్యను తప్పు పట్టి లాభం లేదు. ఆడపిల్ల సాయంత్రం దాకా క్యూలైను కాసి, ఆఖరి బస్సు తప్పిపోయి, ఎవరో బండి మీద దింపితే ఇల్లు చేరిందంటే ఆ రాత్రి ఇంట్లో జరిగే విచారణ హైకోర్టులో కూడా జరగదు. "దీనివల్ల ఏం వస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. మగపిల్లాడిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు, వాడు ఊరికే తిరిగొచ్చినా అన్నం పెడతారు. "ఏడాదికి పన్నెండు వేలొస్తాయి నాన్నా" అని చెప్పగలిగిన రోజున తండ్రే బస్టాండుకు ఎదురొస్తాడు. ఆడపిల్లల సేవకు స్కాలర్‌షిప్ అంటే సేవను కొనడమని గాభరా పడేవాళ్లకు తెలియనిది ఇదే: ఆ డబ్బు అమ్మాయికి ఇచ్చే కూలి కాదు, ఇంట్లోవాళ్ల నోటికి ఇచ్చే జవాబు.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మంలో పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకమ్మాయి టికెట్ లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నెహ్రూ ఆ పిల్లను మెచ్చుకున్నాడు. ఆమె దుర్గాబాయి. తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1958లో వేసిన స్త్రీ విద్యా జాతీయ కమిటీకి అధ్యక్షత వహించింది. అదే పిల్ల ఇవాళ ఏదో ఉత్సవంలో ఎవరో నాయకుడి మూడో కారును ఆపిందనుకోండి. మొదట ప్రిన్సిపాల్‌కు ఫోను, వెంటనే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు అక్షింతలు, సాయంత్రానికి "వాలంటీర్లు అతిథులతో అణకువగా మెలగవలెను" అని గ్రూపులో మెసేజ్. ఆపిన చోట జియోట్యాగ్ ఫొటో దిగలేదు గనక ఆ రోజు గంటలు కూడా చెల్లవు.

స్కౌట్లు, గైడ్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారు. సర్కారు వారు ఆ మర్యాద బాగా పట్టుకున్నారు. స్కాలర్‌షిప్ అడిగితే సర్టిఫికెట్, సర్టిఫికెట్‌కు విలువ అడిగితే శాలువా, ఎప్పుడూ ఎడంచెయ్యి తీసి పురచెయ్యి పెట్టడమే.

ఖజానా మునిగిపోయే కోరిక కాదిది. ఒక్కో డిగ్రీ కాలేజీలో గైడ్స్, రేంజర్స్ (కాలేజీ వయసు గైడ్లు), ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ పిల్లల్లో ఏడాదికి ఇద్దరు ముగ్గురు, కేంద్రం వారి రేటే, 12,000. పథకానికి పేరు మీ ఇష్టం. ఏ నాయకుడి నాన్నగారి పేరైనా పెట్టుకోండి, ప్రభుత్వం మారితే పేరూ మార్చుకోండి, పిల్లలేమీ అనుకోరు, అలవాటే. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు కట్టండి, కుర్చీలు ఎలాగూ వాళ్లే వేస్తారు. ఫ్లెక్సీ నిండా మీ ఫొటోలే వేసుకోండి. అడుగున, ప్రింటింగ్ వాడు తన సెల్ నంబరు వేసుకునే మూల కాస్త జాగా ఉంటుంది కదా, అక్కడ మాత్రం ఆ అమ్మాయి బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడుతో సహా వేయించండి.