స్నానం తప్ప అన్నీ ఉన్న బాత్రూమ్: చేయించుకునే విధానం

పాత బాత్రూమ్‌లో లోపమేమిటో ముందు గుర్తించాలి. నీళ్లు వస్తున్నాయి, వచ్చిన నీళ్లు పోతున్నాయి, గడియ పడుతోంది. ఇంతకు మించి దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అదే లోపం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు హాల్లో సీలింగ్ కింద ఆగి తల పైకెత్తుతారు, మాడ్యులర్ కిచెన్‌లో సొరుగులు లాగి చూస్తారు, పూజగది ముందు ఎవరూ చెప్పకుండానే చేతులు జోడిస్తారు. బాత్రూమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఓ, ఇది బాత్రూమా" అని తలూపి వెళ్లిపోతారు. ఊరందరూ ఒక గదిని ఇలా చిన్నచూపు చూస్తుంటే ఈఎమ్ఐ కట్టే మనిషికి నిద్రెలా పడుతుంది? కింది పద్ధతి ప్రకారం చేయిస్తే వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే ఆగి ఫోన్ తీస్తారు. లోపలికెళ్లాక ఏది తిప్పితే ఏమొస్తుందో తెలియక బయటికొచ్చేస్తారు. రెండూ జరిగితే పని సవ్యంగా అయినట్టే.

కావలసినవి

ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి. అందులో పట్టనన్ని ఫోటోలు. ఒక ఇంటీరియర్ డిజైనర్, ఒక టైల్స్ మేస్త్రీ, ఒక ప్లంబర్ (ఫోన్ ఎత్తేవాడైతే మంచిది, ఎత్తకపోయినా పని జరిగే తీరులో పెద్ద తేడా ఉండదు). కింది ఫ్లాట్‌లో ఓపిక గల పొరుగువాళ్లు. బడ్జెట్, దాని పక్కన అదే అంకె ఇంకోసారి.

1. ముందు ఫోటోలు, తర్వాత కొలతలు

ఫోన్‌లో బాత్రూమ్ ఫోటోలు దాచుకోవడంతో పని మొదలవుతుంది. వాటిలో నేల నుంచి పైకప్పు దాకా కిటికీ ఉంటుంది, కిటికీ అవతల అడవి ఉంటుంది. మీ బాత్రూమ్‌కి ఉన్నది ఒక వెంటిలేటర్, దాని అవతల ఉన్నది పైపులు దిగే డక్టు. దిగులుపడకండి. వెంటిలేటర్‌కి అడ్డంగా పీవీసీ ఫాల్స్ సీలింగ్ దించి, మూలన ఒక మొక్క పెట్టండి. ఎండ లేక అది రెండు వారాల్లో వడలిపోతుంది. అప్పుడు ప్లాస్టిక్‌ది పెట్టండి. గాలి ఆడకపోవడాన్నే డిజైనర్ భాషలో స్పా వాతావరణం అంటారు.

2. జారితేనే మెరిసినట్టు

మన తాతల కాలంలో స్నానాల గదిలో షాబాద్ బండలో, తాండూరు బండలో పరిచేవారు. అవి గరుకుగా ఉండేవి, కాలు నిలిచేది, చూడటానికేమీ ఉండేది కాదు. వాటిని తవ్వించి పారేయండి. తర్వాత టైల్స్ షోరూమ్‌కి వెళ్లి, గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చిన, అచ్చం గరుకు బండలా కనిపించే టైల్‌ని చదరపు అడుగుల లెక్కన కొనండి. కనిపించడం ముఖ్యం. గరుకుదనం ఫోటోలో పడితే చాలు, కాలికి తగలనక్కర్లేదు.

ఈలోగా సేల్స్‌మన్ "సార్, ఇది ఆర్-10" అంటాడు. అది జర్మన్ ప్రమాణం. నూనె పోసిన వాలు మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి, ఎన్ని డిగ్రీల దగ్గర జారతాడో చూసి ఆర్-9 నుంచి ఆర్-13 వరకు అంకె వేస్తారు. చెప్పుల్లేని తడి కాళ్లకు ఏ, బీ, సీ అని వేరే తరగతులున్నాయి. వాటి గురించి అడగకండి, సేల్స్‌మన్ ఇబ్బంది పడతాడు. పైగా భోగినాడు పొద్దున్నే మన బాత్రూమ్‌లో నూనె ఎలాగూ ఉంటుంది, బూట్లే ఉండవు. సగం పరీక్ష పాసైనట్టే.

టైల్ సైజు రెండడుగులకు నాలుగడుగులు, వీలైతే ఇంకా పెద్దది తీసుకోండి. అతుకులు తగ్గుతాయి, వాటితోపాటు వాలు కూడా. చిన్న టైల్స్ అయితే నలువైపుల నుంచీ ట్రాప్ వైపు వాలు తీయడం తేలిక. పెద్ద టైల్‌ని కొయ్యకుండా వాలు తీయడం కుదరదు, అంత ఖరీదైనదాన్ని కొయ్యడానికి మీకు మనసొప్పదు. "వాలు ఉందా?" అని మేస్త్రీని అడిగితే, "ఉంది సార్, కనపడదంతే" అంటాడు. నమ్మండి. నీళ్లకు కూడా కనపడదు.

3. ఏ వస్తువూ పైకి కనపడకూడదు

ఇప్పటి మహామంత్రం కన్సీల్డ్. పైపులు గోడలో, డైవర్టర్ గోడలో, సిస్టర్న్ గోడలో. పాతకాలం ట్యాప్ కారితే బొట్టు బొట్టుగా చప్పుడు చేసేది, వాషర్ మార్చేవారు. కన్సీల్డ్‌లో ఆ గొడవ లేదు. కారినా మీకు తెలియదు. అవతలి పడగ్గదిలో వార్డ్‌రోబ్ వెనక పట్టుచీరలకు ముందు తెలుస్తుంది, ఆ తర్వాత కింది ఫ్లాటాయన సీలింగ్‌కి. మీకు తెలిసేది ఆయన మెట్లెక్కి వచ్చినప్పుడే.

పని మధ్యలో పైపులు ఎటు పోతున్నాయో ఫోటో తీసి పెట్టుకోకండి. అద్దం బిగించడానికి డ్రిల్ చేసేటప్పుడు ఆ ఉత్కంఠ ఉండాలి.

గోడకు వేలాడే కమోడ్ తప్పనిసరి. గోడ లోపల ఇనుప ఫ్రేమ్ సరిగ్గా బిగిస్తే 400 కిలోల బరువు మోస్తుందని కంపెనీలు పరీక్షించి మరీ చెబుతాయి. మీ గోడ నాలుగంగుళాల ఇటుక గోడ అన్న సంగతి ఆ పరీక్ష చేసినవాళ్లకు తెలియదు. తాతయ్య అయితే దేన్నీ నమ్మడు. కింద ఆధారం లేనిదాని మీద సగం కూర్చుని, మిగతా సగం బరువు మోకాళ్ల మీదే ఉంచుకుంటాడు. డాక్టర్ చెప్పిన వ్యాయామం ఆ విధంగా జరిగిపోతుంది.

4. వర్షం కురిపించుకోవడం

తల మీద పళ్లెమంత రెయిన్ షవర్ లేని బాత్రూమ్‌ని ఇప్పుడు బాత్రూమ్ అనరు. దానికి చిన్న షరతుంది: ఒత్తిడి. ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి పది మీటర్లు దిగితేనే నీటికి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీది పై అంతస్తు అయితే ట్యాంక్ మీ నెత్తి మీద మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంటే బార్‌లో మూడో వంతు కూడా రాదు. షోరూమ్‌లో జడివాన కురిసిన షవర్ మీ ఇంట్లో చూరు నీళ్లు కారుస్తుంది. అప్పుడు ప్రెషర్ పంప్ కొనండి. పంప్ మోత పక్కింటికి వినిపిస్తుంది. మీరు స్నానం చేస్తున్నారని అపార్ట్‌మెంట్‌కంతా తెలియడం కూడా హోదాయే.

పంప్ పెట్టాక వాన నిజంగానే కురుస్తుంది. నిమిషానికి 15 లీటర్లు మింగే షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 120 లీటర్లు. బకెట్ స్నానానికి 20 చాలు. నలుగురున్న ఇంట్లో రోజుకు 480, నెలకు 14,400 లీటర్లు. హైదరాబాద్‌లో 2021లో మొదలైన ఉచిత నీటి పథకంలో ఇంటికి నెలకు ఇస్తామన్నది 20 వేలు. మిగిలిన 5,600 లీటర్లతో వంట, బట్టలు, అంట్లు, ఇల్లు తుడవడం, ఫ్లష్ సర్దుకోవాలి. మే నెలలో ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూప్‌లో అందరికంటే గట్టిగా అరవాల్సింది మీరే. నీటి విలువ తెలిసినవాడికి ఆ హక్కుంటుంది.

5. టబ్

గది నడిమధ్యన, ఏ గోడకూ ఆనకుండా తెల్లటి టబ్ ఉంచండి. 250 లీటర్లది అనుకుందాం. మీ గీజర్ 25 లీటర్లది. 60 డిగ్రీల దాకా కాచిన ఆ 25 లీటర్లను 25 డిగ్రీల చన్నీళ్లతో కలిపితే, ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీల నీళ్లు 58 లీటర్లొస్తాయి. టబ్ నిండాలంటే గీజర్ నాలుగుసార్లకు పైగా కాగాలి. రెండు కిలోవాట్ల గీజర్‌కి ప్రతిసారీ అరగంట పడుతుంది. అంటే పొద్దున ఆరింటికి స్విచ్ వేస్తే ఎనిమిది దాటాక టబ్ నిండుతుంది, ఆ సరికి మొదట పోసినవి చల్లారిపోతాయి, మీ ఆఫీస్ క్యాబ్ కింద హారన్ కొడుతుంది. అందుకే టబ్‌లో ఎవరూ స్నానం చేయరు. వేసవిలో నీళ్లు రాని రోజుల కోసం నింపి ఉంచుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. పెరట్లో గోలెం ఇదే పని చేసేది, కాకపోతే దానితో ఎవరూ సెల్ఫీ దిగలేదు.

6. తెలివైన కమోడ్

దగ్గరికెళితే మూత దానంతటదే లేస్తుంది. సీటు వెచ్చగా ఉంటుంది. నీళ్లు చిమ్మి కడుగుతుంది, ఆరబెడుతుంది. జపాన్‌లో టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ పేరుతో ఇలాంటి సీటు తెచ్చింది. నీళ్లతో కడుక్కోవడమనే ఈ విప్లవం మన ఇళ్లలో చెంబు రూపంలో ఎప్పటి నుంచో ఉన్నదే గనక, దానికి రిమోట్ తోడయ్యేదాకా మనం గుర్తించలేదు. 2020లో అమెరికాలో టాయిలెట్ పేపర్‌కి కరువొచ్చినప్పుడు, డాలస్‌లోని తెలుగు కుర్రాళ్లు బిడే సీట్లు బిగించుకుని ఇంటికి వీడియో కాల్ చేశారు. "ఇందులో కొత్తేముందిరా?" అన్న అమ్మలే ఇప్పుడు షోరూమ్‌లో రిమోట్ పట్టుకుని ధర అడుగుతున్నారు.

కరెంట్ పోతే ఏం చేయాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది. చీకట్లో మాన్యువల్ ఎలా చదవాలన్నది ఉండదు. కాబట్టి పక్కన హెల్త్ ఫాసెట్, ఫాసెట్‌లో నీళ్లు రాని రోజుకు మగ్గు కూడా ఉంచండి.

7. నలుపు, గాజు, పాలరాయి

క్రోమ్ ట్యాపులు పాతబడ్డాయి. మ్యాట్ బ్లాక్ తీసుకోండి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి, ఆరిన ప్రతి చుక్కా తెల్ల మచ్చ వదిలి వెళుతుంది. తెల్ల మచ్చ నలుపు మీద కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. షవర్ చుట్టూ గాజు గది కూడా కట్టిస్తే, స్నానం చేసిన ప్రతివాళ్లూ ఒళ్లు తుడుచుకునే ముందు గాజు తుడవాలి. పిల్లలకు క్రమశిక్షణ అలవడుతుంది.

బేసిన్ కింద ఇటాలియన్ పాలరాయి వేయించండి. అది కాల్షియం కార్బొనేట్. పనిమనిషి చేతిలోని యాసిడ్ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇవి రెండూ కలిస్తే పొంగుతుందని పదో తరగతి పుస్తకాల్లో చదివిన ప్రయోగాన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఆవిరి పట్టని ఎల్‌ఈడీ అద్దం కూడా కొనండి. మే నెల హైదరాబాద్‌లో అద్దానికి ఎలాగూ ఆవిరి పట్టదు, కాబట్టి అది ఇచ్చిన మాట తప్పదు.

8. వాస్తు

ఈశాన్యంలో టాయిలెట్ ఉండకూడదు. బిల్డర్ అక్కడే కట్టాడు. గాజు గిన్నెలో కల్లుప్పు పోసి మూలన పెట్టండి, దిక్కు సర్దుకుంటుంది. ఉప్పు చెమ్మకు నల్ల ట్యాప్ రంగు ఊడితే, అది దోషం పోతోందనడానికి గుర్తు.

9. పెద్దవాళ్లుంటే

డిజైన్‌కి అడ్డుపడేది వీళ్లే. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ కావాలంటారు. ఒప్పుకోకండి, ఆసుపత్రిలా ఉంటుంది. ఎలాగూ వాళ్లు టవల్ రాడ్ పట్టుకుంటారు, అది తడి టవల్ బరువుకే బిగించింది. షవర్ కింద కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూల్ అడిగితే, రంగు కలవదని చెప్పండి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించమంటే కారిడార్ అందం పోతుందని చెప్పండి. లోపల ఎవరైనా పడిపోతే, పడ్డ మనిషే తలుపుకి అడ్డమై బయటివాళ్లు తోయలేరన్న మాట వాళ్లు ఎత్తవచ్చు. అప్పుడు లైటింగ్ గురించి మాట్లాడండి. సెన్సార్ లైటు వాళ్లకు బాగా నచ్చుతుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే అదే ఆరిపోతుంది, మళ్లీ వెలగాలంటే చేతులూపాలి.

హెచ్చరిక: ఈ పద్ధతిని చెడగొట్టేవి

కొందరు చాదస్తులుంటారు. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నేలంతా నీళ్లు కట్టి 48 గంటలు వదిలేసి, కింది ఫ్లాట్‌కి వెళ్లి సీలింగ్ తడిమి చూస్తారు. టైల్ పరిచాక బకెట్ నీళ్లు పారబోసి, అవి ట్రాప్‌లోకి వెళ్లేదాకా మేస్త్రీకి డబ్బులివ్వరు. గోడ పూడ్చేముందు పైపుల ఫోటో తీసి పెట్టుకుంటారు. రిపేరుకి చెయ్యి పట్టేంత మూత గోడలో వదిలిపెడతారు. కాలికి గరుకుగా తగిలే టైల్ ఏరుకుంటారు, అమ్మానాన్నల కోసం కడ్డీలు గోడలోకి లోతుగా బిగిస్తారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి డబ్బు ఖర్చు పెడతారు. చివరికి ట్యాప్ కింద ఒక బకెట్, ఒక మగ్గు పెట్టుకుని వచ్చేస్తారు.

వాళ్ల డబ్బంతా కంటికి కనపడని చోటుకే పోతుంది. అలాంటి బాత్రూమ్‌లోకి చుట్టాలు వెళతారు, పని చూసుకుంటారు, చేతులు తుడుచుకుంటూ వచ్చి కాఫీ అడుగుతారు. ఎవరూ ఫోన్ తీయరు. కిందాయన మెట్లెక్కి రాడు. ప్లంబర్ మీ నంబర్ మర్చిపోతాడు. పదేళ్లపాటు ఆ గది గురించి ఏ ఒక్కరూ ఒక్క మాట మాట్లాడరు. ఇంత ఖర్చు పెట్టి అంత అనామకంగా బతకడం మీకు ఇష్టమేనా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఒకసారి ఆలోచించుకోండి.