తాళం ఏ సీసాకు వేయాలి?

పిల్లలు నిద్రమాత్రలకు ఎందుకు అలవాటు పడతారో డాక్టర్లు ఓపిగ్గా చెబుతారు. ఇంట్లో మాత్రలు చేతికందడం, పెద్దలకు అలవాటుండటం, సోపతిగాళ్లు, పరీక్షల బెంగ. అందుకే మందుల డబ్బాకు తాళం వేయమంటారు. మంచి మాటే. కాకపోతే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ మందు డబ్బాలో ఉండదు, కల్తీ కల్లు సీసాలో ఉంటది.

చట్టాన్ని తప్పుపట్టలేం. కల్లులో కలిపే నిద్రమందు ఆల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. పది మాత్రలు అమ్మాలన్నా మెడికల్ షాపాయన డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్లో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. అదే మందు పొడి రూపంలో 100 గ్రాములు దాటి దొరికితే కనీసం 10 ఏళ్ల జైలు. అయినా కిలోలకు కిలోలు పట్టుబడుతూనే ఉంటది. ఒక్క కిలో అంటే అర మిల్లీగ్రాము మాత్రలు 20 లక్షలు! ఇన్ని మాత్రలకు చీటీ రాసిన డాక్టర్ ఎవరో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

గౌడన్న ప్రాణాలకు తెగించి చెట్టెక్కితే దిగేది కుండెడు కల్లు. కల్లు మండువాలో అమ్ముడుపోయేది డ్రమ్ములకొద్దీ. నీళ్లతో కొలత, శాక్రిన్‌తో తీపి, ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్‌తో మత్తు సరిచేస్తారు. చెట్టు పాత్ర నామమాత్రం.

ఇక తొమ్మిదో తరగతి పిల్లగాడి సంగతి. అమ్మానాయన పుణెలో కంకర మోస్తుంటారు. వాడు తాత దగ్గర. పొద్దుగూకగానే తాత చేతిలో పైసలు పెట్టి సీసాకు తోలుతాడు. వచ్చేదారిలో వాడొక గుక్క. దావత్ నాడు "ఒంటికి సలువరా, తాగు" అని మేనమామే గ్లాసు నింపుతాడు. చివరికి బడిలో కునుకు తీస్తే సారు వేసే నింద: "సెల్‌ఫోన్ చూసి చెడిపోయిండు."

దాడులు జరగవా అంటే జరుగుతాయి. 2015లో సర్కారు కల్తీ కల్లును గట్టిగా పట్టుకుంటే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, లేనివి కనబడి దవాఖానల్లో పడ్డారు. కల్లు తాగి కాదు, దొరకక! ఆల్ప్రాజోలం ఉన్నపళంగా ఆపితే ఇంతే. డాక్టర్ కనిపెట్టుకుని ఉండి మెల్లమెల్లగా తగ్గించాలి. దాడికి జీపులు తయారుగా ఉంటాయి, చికిత్సకు మంచాలే ఉండవు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్లలో కొందరు చనిపోయారు. నమూనాల్లో ఆల్ప్రాజోలమే తేలింది. తాగితే చావు, మానితే ఫిట్స్. మధ్యలో పిల్లలకు మనమిచ్చేది "మత్తుకు దూరం" అనే వ్యాసరచన పోటీ.

నాదొక సలహా. మండువాలో కూడా హెచ్1 రిజిస్టర్ పెట్టించండి. రోగి: తొమ్మిదో తరగతి. మందు రాసినవారు: తాత. మోతాదు: ఒక సీసా. సరఫరా చేసినవారి గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక, ఎన్నికలయ్యాక నింపుకుందాం.