తాళ్లు లాగినవాళ్లు ఏమయ్యారు?

మా రోజుల్లో చందమామ సీరియల్లో ఒక నగరం దుర్మార్గుడి చేతికి చిక్కిందంటే, మళ్లీ సంచిక వచ్చేదాకా మా లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలందరికీ అదే బెంగ. ఆ సీరియళ్లు దాసరి సుబ్రహ్మణ్యం గారివని ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. అప్పట్లో ఆయన పేరు వేసేవారు కాదు. రాకుమారుడు గెలిస్తే మాకు సరిపోయేది కాదు. చెరసాలలు తెరిచారా, పన్నులు తీసేశారా, అడవులు పట్టిపోయిన జనం ఇళ్లకు తిరిగొచ్చారా? అవన్నీ తేలాకే పుస్తకం మూసేవాళ్లం.

ఇప్పటి పిల్లలకు తెలిసిన నగరం మాహిష్మతి. 2015లో ఆ నగరం కథ చెప్పే ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం నేనూ చూశాను. రామోజీ ఫిల్మ్‌సిటీలో కట్టిన ఆ కోట వైభవాన్ని కాదనను. కానీ నన్ను పట్టుకున్నది వేరే ఘట్టం. మాహిష్మతిని ఏలే దుర్మార్గపు రాజు భల్లాలదేవుడి బంగారు విగ్రహాన్ని నిలబెట్టడానికి బానిసలు తాళ్లు పట్టి లాగుతుంటారు. పట్టు తప్పి విగ్రహం ఒరుగుతుంది. 1893 నాటి మా రైల్వే వర్క్‌షాపు పక్కన పెరిగినవాణ్ణి, బరువు లాగే ఖలాసీల భుజాలు ఎలా కాయలు కాస్తాయో చూసినవాణ్ణి. రాజ్యం దుర్మార్గుడి పాలైతే ఎలా ఉంటుందో ఆ తాళ్లే చెప్పాయి.

ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఊరూవాడా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? తాళ్లు లాగినవాళ్ల సంగతేమిటని అడిగినవాళ్లు నాకు కనబడలేదు. 2017లో రెండో భాగంతో జవాబు వచ్చింది. పాతికేళ్లు సంకెళ్లలో పుల్లలు ఏరిన బాహుబలి భార్య దేవసేన పేర్చిన చితిలోనే భల్లాలుడు కాలాడు, అతని విగ్రహం తల జలపాతం పాలైంది, ఆమె కొడుకు మహేంద్ర బాహుబలికి పట్టాభిషేకం జరిగింది. అంతటితో సరి! బానిసల మెడలు ఎవరు విడిపించారు? వాళ్లు ఏ ఊరికి, ఎవరి దగ్గరికి వెళ్లారు? అన్ని కోట్లు పోసి తీసినవాళ్లకు ఆ జనం కోసం రెండు నిమిషాలు కరువయ్యాయా? 1951లో ‘పాతాళ భైరవి’ తోటమాలి కొడుకునే కథానాయకుణ్ణి చేసింది. ఇప్పుడు జనమంటే జేజేలు కొట్టడానికే.

పిల్లలకు కథలు చెప్పే అమ్మలకూ నాన్నలకూ నా మనవి ఒక్కటే. పట్టాభిషేకం దగ్గర కథ ఆపకండి. మర్నాడు ఎవరెవరు ఇల్లు చేరారో అది కూడా చెప్పండి.