సర్కారు తోట, గుత్త తొమ్మిది లక్షలు

పరాయి సైన్యం డేరాలు వేసుకుని కూర్చున్నచోట ఎన్నిక సక్రమంగా జరగదని ఎవరండీ అన్నది? 1751 ఫిబ్రవరిలో కడప సీమ లక్కిరెడ్డిపల్లి దగ్గర దివ్యంగా జరిగింది. నిజాం ముజఫర్‌జంగు అక్కడి పోరులో చచ్చిపోగానే, వెంట ఉన్న ఫ్రెంచి దొర బుస్సీ, ఖైదులో ఉన్న సలాబత్‌జంగును బయటికి తీసి గద్దెనెక్కించాడు. పోలైన ఓటు ఒకటి. సిపాయిలే పోలింగు ఏజెంట్లు గనక రీకౌంటింగు అడిగినవాడు లేడు.

గెలిచాక ఖర్చు తీర్చాలిగా! 1753లో ఆ సైన్యం జీతాలకింద కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు బుస్సీకి రాసిచ్చాడు. అందులో మా నూజివీడూ పోయింది. తుపాకీ ఎవరి గుండెకు గురిపెట్టారో, తూటా ఖరీదూ వాళ్లే కట్టాలన్నమాట. మాకిది వింతేం కాదు. పూత మీదే తోట గుత్తకిచ్చే ఊరు మాది. బేరానికి చిన్నరసాల చెట్టును ఎవరూ పిలవరు. (2022లో మమ్మల్ని కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మార్చినప్పుడు మాత్రం అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. బుస్సీ కన్నా నయమే.)

1759లో ఫ్రెంచివాళ్లకు సాయంగా సలాబత్‌జంగు సైన్యంతో బందరు చేరువ దాకా వచ్చాడు. ఏప్రిల్లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డు బందరు కోట పట్టేశాడు. మే నెలకల్లా నవాబుగారు కండువా మార్చి, ఫ్రెంచివాళ్లను కొలువులో ఉంచుకోనని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. మన ఎమ్మెల్యేలకు ఇంత పురాతన సంప్రదాయం ఉందని తెలియక పాపం సిగ్గుపడుతుంటారు.

తరవాత 1765లో ఇంగ్లీషు కంపెనీ మొగలు పాదుషా షా ఆలం దగ్గర ఈ సర్కార్లకు ఫర్మానా పుచ్చుకుంది. పాదుషా అప్పుడు అలహాబాదులో అదే కంపెనీ నీడన తలదాచుకున్నాడు. ఇంట్లో ఉంచుకున్న చుట్టం చేత ఇల్లు రాయించుకోవడం ఎంతపని! కానీ సలాబత్‌ను ఖైదుకు తిప్పి పంపి గద్దెనెక్కిన తమ్ముడు నిజాం అలీ ఒప్పుకోలేదు. కంపెనీ జనరల్ కాలియడ్ 1766లో ముందు కొండపల్లి కోట పట్టాడు. ఒప్పందం నవంబరులో కుదిరింది. ఫలితాలు వచ్చాక నోటిఫికేషన్! మధ్యవర్తి మన కాండ్రేగుల జోగిపంతులుగారే. గుత్త ఏడాదికి 9 లక్షలు.

తోటలో పండినదంతా కంపెనీదే అయినా నవాబుగారి పేరు మాత్రం యజమానిగా నిలిచింది. గుత్త తరవాత తగ్గింది. 1823లో కంపెనీ మొత్తం ఒకేసారి చెల్లగొట్టి ఆ పేరూ కొట్టేసింది. ఆ సొమ్మయినా నవాబు చేతికి రాలేదు. ఆయనకు అప్పులిచ్చిన పామర్ కంపెనీ అనే వడ్డీ దుకాణానికి పడ్డ బాకీకిందకి జమైపోయింది.