ఎడమచేతికి తొందరెందుకురా

మా రోజుల్లో గిటార్ సోలో నేర్చుకోవాలంటే ముందు రికార్డ్ ప్లేయర్ ఉన్న ఇల్లు వెతుక్కోవాలి. 33 మీద తిరగాల్సిన ఎల్పీని 16 మీద పెడితే పాట సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి, దున్నపోతు గొంతుతో వచ్చేది. ముల్లెత్తి మళ్లీ పెట్టి, మళ్లీ ఎత్తి, ఒక్కో స్వరాన్నీ చెవితో పట్టుకునేవాళ్లం. రికార్డు అరిగిపోతోందని ఇంటాయన కసిరేవాడు. మీకేం నాయనా, ఫోనులో శ్రుతి మారకుండానే వేగం తగ్గుతుంది, ఏ తీగ మీద ఏ ఫ్రెట్టో అంకెలేసి చూపిస్తారు. ఇంక చెవికి పనేముంది?

నీ ఎడమచెయ్యి చూశాను. బొటనవేలు మెడ మీదికెక్కి కూర్చుంది. తీగ సాగదీసేటప్పుడైతే సరే, ఎప్పుడూనా? చిటికెనవేలు ఆకాశంలో ఉంది. గోళ్లు తెల్లబడేలా నొక్కుతున్నావు. వేగం ఎక్కణ్ణుంచి వస్తుందిరా? బొటనవేలు మెడ వెనక, మధ్యవేలికి ఎదురుగా పెట్టు. ఫ్రెట్టుకు ఆనుకుని, కాస్త వెనగ్గా నొక్కు. వేలు ఊరికే ఆనించి మీటితే టక్కుమంటుంది. కొంచెం కొంచెం నొక్కుతూ పో, స్వరం శుభ్రంగా మోగిన చోట ఆగు. అంతకు మించిన బలమంతా దండగ.

మా మాస్టారు అయిదో ఫ్రెట్టు నుంచి ఎనిమిది దాకా నాలుగు వేళ్లూ వరసగా, ఆరు తీగల మీదా వాయించమనేవారు. మెట్రోనోమ్ 60 మీద, దెబ్బకో స్వరం. తీసిన వేలు తీగకు వెంట్రుకవాసి దూరంలోనే ఉండాలి. నెలల తరబడి అదే. పాటెప్పుడు చెబుతారని అడిగే ధైర్యం ఎవడికుంది! పైగా మా గిటార్లకు తీగలు ఎత్తుగా ఉండేవి, వేలికొసలు కాయలు కాసేవి. నీదానిలాంటి సన్నతీగల గిటారు అప్పుడు దొరికుంటే మేమూ ఎగబడేవాళ్లమేలే, అది వేరే సంగతి.

జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపువేలూ చిటికెనవేలూ దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లతోనే ఆ సోలోలన్నీ వాయించాడు మహానుభావుడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎంత వేగంలోనూ గమకం చెదరనివ్వలేదు. నాలుగు వేళ్లూ బంగారంలా ఉన్న నువ్వేమో వేగం రావట్లేదని కొత్త పెడల్ కొనిపెట్టమంటావు.

రేపు పొద్దున్నే ఆ యాంప్లిఫయర్ ఇంట్లో వదిలేసి రా. 60 మీద మొదలెడదాం. తడబడకుండా వస్తే 64. తడబడ్డావో, మళ్లీ 60.